పొగ రాని బొగ్గు

ముందే చెబుతున్నాను, నా నోరు మంచిది కాదు. విశాఖపట్నంలో, వన్ టౌన్ దగ్గర ఒక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ విజిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా నోటికి భయపడి పిల్లలకు టీకాలు వేయించిన వాళ్ళు ఉన్నారు, నా నోటికి భయపడే తలుపులు వేసేసుకున్న వాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు కొత్తగా ఈ ఉద్యోగంలో చేరే ఆడపిల్లలు నా దగ్గరకొచ్చి, "మేడమ్, ఏం నేర్చుకోవాలో చెప్పండి" అంటారు. చేతికి కాగితం, పెన్ను కూడా తెచ్చుకుంటారు. ఆ పెన్ను మూసెయ్యమంటాను. నేను చెప్పేది రాసుకునే రకం కాదు, విని ఉలిక్కిపడే రకం.

ఇల్లు చూడడం

మన పని మందులివ్వడం అనుకుంటే పొరపాటు. మందులు డాక్టర్లు ఇస్తారు, నర్సులు ఇస్తారు, మందుల షాపు కుర్రాడు కూడా ఇచ్చేస్తాడు. మన పని ఇంట్లోకి వెళ్ళడం. వెళ్ళి, కూర్చుని, కబుర్లు చెబుతూ కళ్ళు తిప్పడం.

ఏం చూడాలంటారా? కిరసనాయిలు ఏ సీసాలో పోశారో చూడాలి. కూల్ డ్రింక్ సీసాలో పోసి పొయ్యి పక్కన నేల మీద పెట్టిన ఇళ్ళు నేను చూసినన్ని మీరు చూడకూడదని కోరుకుంటున్నాను. దాహం వేసిన పిల్లవాడికి సీసా మీద బొమ్మే కనిపిస్తుంది గానీ లోపల ఏముందో తెలియదు. తాగేశాక ఆ తల్లి చేసే మొదటి పని గొంతులో వేలు పెట్టి కక్కించడం. అది మరీ ప్రమాదం. పైకి వచ్చే కిరసనాయిలు ఊపిరితిత్తుల్లోకి దిగిపోతుంది. కక్కించకుండా ఆసుపత్రికి పరిగెత్తమని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

తాతగారి షుగరు మాత్రలు మనవడి చేతికి అందేచోట ఉన్నాయా, ముసలమ్మ స్నానాల గదిలో పాచి ఉందా, నీళ్ళ డ్రమ్ముకి మూత ఉందా, ఇవన్నీ చూడాలి. ఇవి కంటికి కనిపించేవి కాబట్టి కొంత నయం. కంటికి కనిపించనిది ఒకటుంది. దాన్ని నేను తొంభైల్లో, ఒక వానాకాలంలో, సముద్రం పక్కన ఒక కాలనీలో చూశాను. చూశాను అనకూడదేమో, కనిపించనే కనిపించదు కదా. అది చేసిన పని చూశాను.

పురిటి గది

గౌరి అని ఒక పిల్ల. చేపల వేట మీద బతికే కుటుంబం. తల్లి చిన్నప్పుడే పోతే అమ్మమ్మ నూకాలమ్మ పెంచింది. నూకాలమ్మ ఎండు చేపలు అమ్మేది. అడ్డచుట్ట తాగేది, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. నోట్లో నిప్పు పెట్టుకుని నాతో మాట్లాడుతుంటే మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. నేను తిట్టేదాన్ని, ఆవిడ నవ్వేది. "మీ నోరుకన్నా కాలదులెండి నర్సమ్మా" అనేది. నిజం చెప్పాలంటే ఆ కాలనీలో నన్ను ఎదిరించి మాట్లాడే మనిషి ఆవిడొక్కతే, అందుకే నాకు ఇష్టం.

గౌరికి తొలి కాన్పు పెద్దాసుపత్రిలో సుఖంగా అయింది, ఆడపిల్ల. నూకాలమ్మ మనవరాల్ని తన ఇంటికి తెచ్చుకుంది. బాలింతను చూడ్డానికి వెళ్ళడం నా డ్యూటీ.

ఆ ఇళ్ళలో పురుడంటే ఎలా ఉంటుందో మీకు తెలియాలి. బాలింతకు చల్లగాలి తగలకూడదు. గది తలుపులు మూసేస్తారు. సందులు ఉంటే పాత చీర పేలికలు కుక్కుతారు. మంచం కింద కుంపటి పెట్టి, నిప్పులు ఆరకుండా చూస్తారు. తల్లికీ బిడ్డకీ వెచ్చగా ఉండాలని. బాలింత తనంతట తాను గడప దాటకూడదు. ఏం కావాలన్నా పెద్దావిడ లోపలికి తెచ్చి పెట్టాలి. ఇది ఎవరో పనిలేక పెట్టిన ఆచారం కాదు. సముద్రం పక్కన, తాటాకు ఇంట్లో, ఈదురుగాలిలో, ఒంట్లో రక్తం పోయిన పిల్లను బతికించుకోవడానికి వాళ్ళకు తెలిసిన దారి అది. మీరు వెళ్ళీ వెళ్ళగానే "మూఢనమ్మకం" అన్నారో, ఆ తలుపు మీకు మళ్ళీ తెరుచుకోదు.

నేను వెళ్ళేసరికి నూకాలమ్మ వసారాలో కూర్చుని బాలింతకు పెట్టే కాయం మందు నూరుతోంది.

"రండి నర్సమ్మా. సెప్పులు అక్కడే ఇడిసీండి. కాళ్ళు కడుక్కోండి. బయట గాలి లోనికి తేకండి" అంది.

"గాలిని చెప్పులతో తెస్తానా?" అన్నాను.

"మీరు దేనితోనైనా తెస్తారు. కడుక్కోండి."

కడుక్కున్నాను. లోపలికి వెళ్ళాను. కొత్తగా కట్టిన స్లాబు గది, శుభ్రంగా ఉంది. మంచం మీద గౌరి, పక్కన పాప. కుంపటిలో నిప్పులు ఎర్రగా ఉన్నాయి గానీ పొగ లేదు. అప్పటికి కొన్నేళ్ళుగా మేమంతా ఊరూరా మొత్తుకుంటున్న మాట అదే, పసిపిల్లలున్న గదిలో పొగ పెట్టకండి అని. అందుకని నాకు ముచ్చటేసింది.

"ఇదేం బొగ్గు?" అని అడిగాను.

గౌరి భర్త ఎల్లాజీ వసారాలోంచే గర్వంగా జవాబిచ్చాడు. వేటలేని రోజుల్లో రేవు దగ్గర కూలికి వెళ్ళే కుర్రాడు. "కోకు బొగ్గమ్మా. రైలు యాగన్ల నుంచి రాలతాది. పట్టాల కాడ ఏరి అమ్ముతారు. ఓపాలి అంటుకుంటే పొద్దంతా ఉంటాది. పొగ రాదు, కళ్ళు మండవు. గౌరికి, గుంటకి కట్టం ఉండకూడదని ఎతికి మరీ తెచ్చినాను."

"మామ్మ కూడా సుట్ట మానేసినాది" అంది గౌరి నవ్వుతూ.

"పసిగుంట ఉన్న ఇంట్లో పొగేటి మరి!" అంది నూకాలమ్మ.

చూశారా? ఎంత ప్రేమ ఉంది ఆ ఇంట్లో! చుట్ట లేకపోతే మాట తోచని మనిషి చుట్ట మానేసింది. డబ్బున్నవాడు కాకపోయినా కుర్రాడు వెతికి మంచి బొగ్గు తెచ్చాడు. వాళ్ళలో ఒక్కరు కూడా నిర్లక్ష్యం చెయ్యలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

మా డాక్టరమ్మ

రెండోసారి వెళ్ళినప్పుడు గౌరి ముఖం బాగాలేదు.

"తల పగిలిపోతన్నాదమ్మా. కడుపులో తిప్పుతన్నాది. లేత్తే కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

జ్వరం చూశాను, లేదు. బి.పి. చూశాను, బాగుంది. కుట్లు బాగున్నాయి. నూకాలమ్మకు మాత్రం అనుమానమే లేదు.

"సన్నగాలి దూరిపోనాది. ఏ సందులోంచో ఒస్తన్నాది. ఇంకొన్ని పేలికలు కుక్కుతాను, ఇంకొంచెం నిప్పులు ఎయ్యాల" అంది. అంటూ తన కణతలు నొక్కుకుంది.

"నీకేమైంది?"

"నాకూ తలనొప్పేనమ్మా. సుట్ట మానేసినాను గదా, అందుకే."

గౌరిని ఆరోగ్య కేంద్రానికి తీసుకురమ్మన్నాను. చెవులకు గుడ్డ చుట్టి, దుప్పటి కప్పి ఆటోలో తెచ్చారు. మా డాక్టరమ్మ చూసింది.

ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. చదువులో గొప్ప. చెయ్యి పట్టుకుంటే జబ్బు చెప్పేది. లంచం ముట్టేది కాదు, టైముకి వచ్చేది. కానీ ఉద్యోగమంతా కుర్చీలోంచే చేసింది. పేషెంటు తన బల్ల ముందుకు వచ్చాకే పుట్టాడని ఆవిడ ఉద్దేశం. ఏ గదిలోంచి వచ్చాడు, ఎక్కడ పడుకుంటాడు, ఏం పీలుస్తాడు, అవన్నీ ఆవిడకు అక్కర్లేదు.

ఆరోగ్య కేంద్రానికి వచ్చి, వరండాలో చాలాసేపు కూర్చునేసరికి గౌరికి తలనొప్పి తగ్గిపోయింది. డాక్టరమ్మ ముందు కూర్చున్నప్పుడు ఆ పిల్ల శుభ్రంగా నవ్వుతోంది.

"ఇప్పుడుందా నొప్పి?"

"నేదమ్మా."

డాక్టరమ్మ నా వైపు చూసింది. "ఏం లేదు సరోజినీ. రక్తం కొంచెం తక్కువ. మిగతాదంతా బెంగ. కొన్నాళ్ళలో అత్తారింటికి వెళ్ళాలి కదా, అందరికీ వచ్చే తలనొప్పే" అంది. ఐరన్ మాత్రలు రాసింది.

నూకాలమ్మ ఆవిడకు దణ్ణం పెట్టింది. "మీ సెయ్యి మంచిది తల్లీ. ఇలా ఒచ్చినాది, అలా పోనాది నొప్పి" అంది. పోదూ మరి! గదిలోంచి బయటికి వస్తే పోతుంది, మళ్ళీ గదిలోకి వెళ్తే వస్తుంది. ఇప్పుడు చెబుతుంటే పసిపిల్లలకు కూడా తెలిసిపోతోంది కదూ? ఆరోజు డాక్టరమ్మ బల్ల దగ్గర చదువుకున్న వాళ్ళం ఇద్దరం ఉన్నాం, ఇద్దరికీ తట్టలేదు. గౌరిని మళ్ళీ దుప్పటి కప్పి అదే గదికి తీసుకెళ్ళిపోయారు. మీరు మాత్రం ఈ రెండు ప్రశ్నలు ఎప్పుడూ మరిచిపోకండి: ఇంట్లో ఉంటే వచ్చి, బయటికొస్తే పోయే జబ్బా? ఇంట్లో ఒకరికి మించి అదే బాధ ఉందా? ఉంటే రోగిని వదిలేసి ముందు ఇంటిని చూడండి.

పాలకు ఏడవని బిడ్డ

తర్వాత వాయుగుండం పట్టింది. తెరిపి లేని వాన. మా ఆఫీసులో ఎవరూ ఫీల్డుకి వెళ్ళలేదు. నాకు మాత్రం ఆ పిల్ల ముఖం మనసులో మెదులుతోంది. గొడుగు వేసుకుని బయల్దేరాను. పొద్దున్నే, ఇంకా టిఫిన్ల వేళ.

నూకాలమ్మ వసారాలో పొయ్యి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపింది, మెల్లగా రమ్మని.

"నిద్రోతన్నాది. లేపకండి. పాపం, ఇన్నాళ్ళకి కంటి నిండా నిద్దర పట్టినాది" అంది గుసగుసగా. "ఇందాక తలుపు ఓరగా తీసి తొంగి సూసినాను. బుగ్గలు ఎంత ఎర్రగున్నాయో! రంగొచ్చేసినాది నా బంగారానికి."

"తలనొప్పి?"

"ఏటీ అన్నేదు. సందులన్నీ మూసేసినాను గదా. ఇంకేటి గాలి!"

నేను వసారాలో కూర్చున్నాను కూడా. గొడుగు మూసి గోడకు ఆనించాను. ఏదో మాట వరసకు అడిగాను, పాప పాలు బాగా తాగుతోందా అని.

"అదీ నిద్రే. తల్లీ పిల్లా ఒకటే నిద్ర."

"పాలకి లేవలేదా?"

"నేదమ్మా. నాను వసారాలోనే పడుకున్నాను గదా, నిన్న సీకటి పడ్డకాడి నుంచి కిక్కురుమన్నేదు. బంగారు గుంట, ఏడుపే ఎరగదు."

అమ్మో! అప్పుడే పుట్టిన పిల్ల సాయంత్రం నుంచి పొద్దున దాకా పాలకు ఏడవకపోవడమేమిటి? ఎక్కడైనా ఉంటుందా? లేచి తలుపు నెట్టాను.

"ఓలమ్మో, తడి కాళ్ళు! తడి కాళ్ళతో ఎల్తన్నారేటి!" అని నూకాలమ్మ నా చీర పట్టుకు లాగింది. విదిలించుకున్నాను. తలుపు ఒక రెక్క తెరుచుకుంది. వేడి ముఖానికి కొట్టింది. వాసన లేదు, పొగ లేదు. లోపలికి అడుగు వెయ్యబోతే కాలికి మెత్తగా ఏదో తగిలింది.

పాప. నేల మీద. రెండో తలుపు రెక్క వెనకాల, గడప పక్కన, చీర ముక్కలో చుట్టి ఉంది.

తొక్కేసేదాన్నే! ఒక్క అంగుళం తేడా! అక్కడే అరిచాను. తీసి నూకాలమ్మ చేతిలో పడేసి, "బయటికి! వసారా దిగు! దూరంగా!" అన్నాను. మూసిన గది, పొగ రాని ఆ బొగ్గు, అప్పటికి తట్టింది నాకు. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళాను. గౌరి మంచానికి అడ్డంగా పడి ఉంది, కాళ్ళు కిందకి వేళ్ళాడుతున్నాయి. బుగ్గలు నిజంగానే ఎర్రగా ఉన్నాయి. పెళ్ళికూతుర్ని చేసినట్టున్నాయి. పిలిస్తే పలకదు. చంకల కింద చేతులు వేసి ఈడ్చాను. గడప దాకా తెచ్చేసరికి నాకే కళ్ళు తిరిగాయి. వసారా దాటించి, మెట్లు దింపి, ఆ కురుస్తున్న వానలో నేల మీద పడుకోబెట్టాను. ఒక చూరు కింద ఉంచేంత తీరిక లేదు.

వీధి వీధంతా లేచింది. బాలింతను వానలో పడేసింది! నర్సమ్మకు మతిపోయింది! సంపేసినాదమ్మో అని ఒకావిడ గుండెలు బాదుకుంటోంది. ఒకావిడ పాప నేల మీద దొరికిందని విని, "గౌరికి దెయ్యం గాలి పట్టినాది, పిల్లని నేలకేసి కొట్టినాది, నాను సెప్పనేదా!" అని అరుస్తోంది. నూకాలమ్మ కాయం కలిపిన నీళ్ళ గ్లాసు తెచ్చి గౌరి నోట్లో పొయ్యబోయింది. గ్లాసు చేత్తో కొట్టేశాను. స్పృహలేని మనిషి నోట్లో ఏదీ పొయ్యకూడదు, నీళ్ళైనా సరే, అది ఊపిరిగొట్టంలోకి పోతుంది. చెబితే వినే సమయమా అది?

అప్పుడొచ్చాడు ఎల్లాజీ. వానలో పెళ్ళాం, చుట్టూ ఏడుపులు, మధ్యలో నేను. నా జబ్బ పట్టుకుని లాగాడు. చెయ్యెత్తాడు.

"నన్ను తర్వాత కొడుదువు గాని, ముందు దీని కాళ్ళు పట్టుకో! ఆటో ఎక్కించు!" అన్నాను.

ఏమనుకున్నాడో, పట్టుకున్నాడు. ఆ క్షణంలోనే నూకాలమ్మ చేతిలో పాప కేరుమంది. వాన చినుకులు ముఖాన పడి కాబోలు. ఆ ఏడుపు వినగానే పాపను అందుకున్నాను. నేనూ ఆటో ఎక్కాను.

మరేటి సంపినాది?

పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌కు ఒక్క మాట చెప్పాను. మూసిన గది, కోకు బొగ్గు కుంపటి. అంతే, అతను ఇంకేమీ అడగలేదు. ఆక్సిజన్ పెట్టించాడు, తల్లికీ పిల్లకీ. పాప తొందరగానే తేరుకుంది. గౌరికి చాలా సమయం పట్టింది. కళ్ళు తెరిచింది గానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. నూకాలమ్మను చూసి "నువ్వెవులు?" అంది. ఆ ముసలిది వార్డు బయటికొచ్చి తల గోడకేసి కొట్టుకుంది. పట్టుకోలేకపోయాను.

ఎల్లాజీ ఆసుపత్రి మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు. అడిగాడు.

"పొగ నేదు గదమ్మా. పొగే నేదు. మరేటి సంపబోనాది?"

ఇలా చెప్పాను. బొగ్గు కాలాలంటే గాలి కావాలి. మూసిన గదిలో గాలి చాలదు. చాలనప్పుడు నిప్పులోంచి ఒక విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కళ్ళు మండవు, దగ్గు రాదు. ఒంట్లో గాలి ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. తల నొప్పి, వాంతి, నిద్ర. ఆ నిద్రలోంచి లేవరు. ముఖం మాత్రం ఎర్రగా ఉండొచ్చు.

"మరి మా అమ్మ పురుటికీ ఇలగే కుంపటెట్టినారు, మా మామ్మకీ ఎట్టినారు. ఆళ్ళకేటీ అవ్వనేదే?"

మంచి ప్రశ్న. దానికి జవాబు ఆ కాలనీకి తిరిగి వెళ్ళి ఆ గదిలో నిలబడినప్పుడు దొరికింది. వాళ్ళ అమ్మల, మామ్మల పురుళ్ళు తాటాకిళ్ళలో అయ్యాయి. ఎన్ని పేలికలు కుక్కినా తాటాకులోంచి గాలి వస్తూనే ఉంటుంది. కట్టెల నిప్పు పొగ వేస్తుంది, కళ్ళు మండుతాయి, ఎవరో ఒకరు చిరాకుపడి తలుపు తీస్తారు. ఇప్పుడది స్లాబు ఇల్లు. సిమెంటు గోడలు, బిగుతు తలుపులు. బొగ్గేమో తలుపు తియ్యమని గుర్తుచెయ్యని బొగ్గు. ఆచారం పాతదే, గది కొత్తది, బొగ్గు కొత్తది. మూడూ కలిసేసరికి అంత పనైంది. తప్పు ఎవరిదని వేలెత్తి చూపిస్తారు? చూపించడానికి నాకు మనిషి దొరకలేదు.

మా డాక్టరమ్మ ఆరోజు మొదటిసారి కుర్చీ దిగింది. నాతో ఆ కాలనీకి వచ్చింది. ఆ గదిలో నిలబడి నాలుగు గోడలూ చూసింది. "ఇంత చిన్న గదా!" అంది. అంతే అంది. అదే వీధిలో ఇంకో పురిటి గది తలుపు తట్టాం. లోపల కుంపటి, అదే బొగ్గు. ఆ బాలింత తలకు గుడ్డ బిగించి కట్టుకుని పడుకుని ఉంది. తలనొప్పట. డాక్టరమ్మే వంగి, చీర కొంగుతో కుంపటి పట్టుకుని బయట పెట్టింది.

మీ ఇళ్ళలో

ఇదేదో బీదవాళ్ళ ఇళ్ళ కథ అనుకునేరు. పదేళ్ళు గడిచాక ఇదే విషం మంచి ఫ్లాట్లలో చూశాను. స్నానాల గదిలో గ్యాస్ గీజరు బిగించి, చలి వస్తోందని ఉన్న ఒక్క చిన్న కిటికీకి అట్ట కొట్టేసిన వాళ్ళను చూశాను. పెద్ద ఇంజనీరుగారి ఇల్లు. ఇంటర్ చదివే కూతురు స్నానానికి వెళ్ళి గడియ పెట్టుకుంది. తలుపు పగలగొట్టి తియ్యాల్సి వచ్చింది. బతికింది. తండ్రి నన్ను, "గ్యాసు లీకైందా? వాసన రాలేదే" అని అడుగుతున్నాడు. అంత చదువుకుని ఎల్లాజీ అడిగిన ప్రశ్నే అడిగాడు.

కాబట్టి ఇంటింటికీ చెప్పండి. నిప్పు ఏదైనా సరే, కుంపటైనా, గ్యాస్ గీజరైనా, కరెంటు పోయినప్పుడు వేసే జనరేటరైనా, మూసిన చోట మనిషితో పాటు ఉండకూడదు. పెందుర్తి వైపు చలికాలంలో ముసలివాళ్ళు మంచం పక్కన నిప్పుల కుండ పెట్టుకుని పడుకుంటారు. వాళ్ళకు రెండో దుప్పటి ఇవ్వండి, నిప్పు బయట పెట్టండి. పసిబిడ్డకు వెచ్చదనం కావాలంటే తలకు టోపీ, పొడిబట్ట, తల్లి ఒంటి వేడి. వీటిని మించిన కుంపటి లేదు. ఎవరైనా మూసిన గదిలో పడిపోయి కనిపిస్తే ముందు తలుపులు తీసి, వాళ్ళను బయట గాలిలోకి లాగండి. మీరు లోపల ఆగకండి. ఆసుపత్రిలో మాత్రం "మూసిన గది, నిప్పు" అనే మాట తప్పకుండా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారి లేదు.

ఇంకొకటి. ఆచారాన్ని తీసెయ్యమని చెప్పకండి, కాస్త పక్కకు జరపమని చెప్పండి. నూకాలమ్మ కుంపటి మానలేదు. వసారాలో పెట్టింది. బట్టలు దాని మీద వెచ్చజేసి లోపలికి ఇచ్చేది. ఆ కాలనీలో ఎవరికి పురుడొచ్చినా ఆవిడే వెళ్ళి, "కుంపటి ఈదిలో ఎట్టండి, నేదంటే నాను లోనికొచ్చి కూకుంటాను" అని బెదిరించేది. నేను పదిసార్లు మీటింగులు పెట్టినా జరగని పని అది.

టీకా రోజు

గౌరికి మెల్లమెల్లగా అన్నీ గుర్తొచ్చాయి. పాపకు టీకా వేయించడానికి ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. నూకాలమ్మ బయట చెట్టు కింద కూర్చుని చుట్ట కాలుస్తోంది, మళ్ళీ మొదలెట్టేసింది. పాపకు సూది వేశాను. ఏడ్చింది. గౌరి పాలిస్తూ నా బల్ల పక్కన కూర్చుంది.

నాకు ఎన్నాళ్ళ నుంచో అడగాలని ఉంది. వీధిలో అందరూ అనే మాట ఇంకా పోలేదు, గాలి పట్టి పిల్లను నేలకు కొట్టిందని. ఆ పిల్ల ముఖం మీదే అనేవారు.

"గౌరీ, ఆరోజు పాప నేల మీద ఎందుకుంది? నీకేమైనా గుర్తుందా?"

తల ఊపింది.

"తల బద్దలైపోతన్నాదమ్మా. ఊపిరి ఆడతన్నేదు. సచ్చిపోతాననుకున్నాను. గుంట కూడా అదోలా అయిపోతన్నాది, పాలు పట్టుకోటం నేదు. దీనికి గాలి కావాలనిపించినాది. లేసినాను. గోడ పట్టుకుని తలుపు కాడకి ఎల్లినాను. గడప కాడ మామ్మ కుక్కిన పేలిక ఉన్నాది గదా, అది లాగీసినాను. సల్లటి గాలి ఒచ్చినాది. దీని మూతి ఆ సందు కాడ పెట్టి పడుకోబెట్టినాను."

అప్పటిదాకా ఆ పాప ఎలా బతికిందో నాకూ తెలియదు, ఆసుపత్రి డాక్టరుకీ తెలియదు. అదృష్టం అనుకున్నాం.

"మరి నువ్వు?"

"నాను మంచం మీదకి ఎల్లిపోనాను."

"వెళ్ళిపోయావా!" నా గొంతు పెద్దదైపోయింది. వరుసలో ఉన్న తల్లులందరూ తలలు తిప్పి చూశారు. "లేచావు, నడిచావు, పేలిక లాగావు. తలుపు దగ్గరే ఉన్నావు కదే! తలుపు తియ్యలేకపోయావా?"

గౌరి నా వైపు వింతగా చూసింది. నేనేదో అడగకూడనిది అడిగినట్టు.

"నానెలా తీత్తానమ్మా? బాలింతని గదా" అంది. "మామ్మ అంత కట్టపడి మూసినాది."

తర్వాత నేను ఆ ఇంటికి వెళ్ళి ఆ తలుపు మళ్ళీ చూశాను. దానికి బయట గొళ్ళెం లేదు, లోపల గడియ లేదు. ఊరికే చేరవేసే తలుపు. నేను నెట్టిన రోజున ఒక్క చేత్తో తెరుచుకుంది.